ఎయిర్ క్లీనర్ చిటపటలు ఆగాయిలా

మా ఇల్లు మిర్యాలగూడలో, రైస్ మిల్లులకు దగ్గర. సీజన్ మొదలైతే కిటికీలు మూసినా ఊక దుమ్ము ఆగదు. అమ్మకు ఆయాసం కాబట్టి ప్లేట్ల రకం ఎలక్ట్రానిక్ ఎయిర్ క్లీనర్ కొన్నాం.

పోయిన సీజన్‌లో అది ఆగకుండా చిటపటలాడింది. అప్పుడప్పుడు ఒక చిటుకు మామూలే. ఇది అలా కాదు, పైగా ఘాటుగా ఓజోన్ వాసన. అమ్మకు దగ్గు ఎక్కువైంది. నాకు టెన్షన్ పట్టుకుని వెంటనే ఆపేశాను.

లోపల సన్నని తీగలు వేల వోల్టులతో దుమ్ముకు విద్యుదావేశం ఇస్తాయి, ఆ దుమ్ము వెళ్లి అల్యూమినియం ప్లేట్లకు అంటుకుంటుంది. ప్లేట్ల మధ్య బాగా పేరుకుంటే కరెంటు ఇటు నుంచి అటు దూకుతుంది. ఆ చప్పుడే ఇది.

ప్లగ్ తీసి కాసేపు ఆగాను, ఆపాక కూడా లోపల ఛార్జ్ ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు కలిపి ప్లేట్లు అరగంట నానబెట్టాను. పీచుతో రుద్దలేదు, ప్లేటు వంగితే మళ్లీ అదే గోల. మా బోరు నీళ్లు ఆరితే తెల్లటి పొర కడతాయి, అందుకే చివరగా కృష్ణా నీళ్లతో కడిగాను.

మర్నాడు పొద్దున బిగిస్తే మళ్లీ చిటపట! తడి మిగిలిందనుకుని ఇంకో రోజంతా ఫ్యాన్ కింద ఆరబెట్టాను. అయినా తగ్గలేదు. టార్చ్ వేసి చూస్తే ఒక తీగ తెగి ప్లేటుకు తగులుతోంది. ముక్కలన్నీ తీసేశాక చప్పుడు ఆగింది. తర్వాత కొత్త తీగ తెప్పించి కొక్కేలకు తగిలించాను.

ఇప్పుడు సీజన్‌లో పదిహేను రోజులకోసారి కడుగుతున్నాను. తీగలను దూదితో మెల్లగా తుడుస్తాను.