ట్రెక్కింగ్ యాప్ కొండ మీద మొరాయిస్తోందా? ముందు ఇవి చూడండి

బెంగళూరు చుట్టుపక్కల కొండలెక్కేవాళ్ళ ఫోన్లలో ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్, వికీలాక్, స్ట్రావా లాంటివి ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. ఇన్‌స్టాల్ చేయడం, రికార్డ్ బటన్ నొక్కడం అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. కానీ ఒక్క మాట. "యాప్ పనిచేయలేదు" అని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది, బయల్దేరే ముందు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి యాప్ తెరిచి చూసి ఉండరు. రెండు నిమిషాల పని. ముందు అది చేసి, తర్వాత మిగతాది చదవండి.

చుక్క ఉంది, మ్యాప్ లేదు

నీలి చుక్క కనిపిస్తూ చుట్టూ అంతా ఖాళీగా ఉంటే జీపీఎస్ పనిచేస్తున్నట్టే. ఉపగ్రహాల సిగ్నల్‌కి సిమ్‌తోగానీ డేటాతోగానీ పని లేదు. డేటా కావాల్సింది మ్యాప్ బొమ్మకి. ముందురోజు రాత్రే వైఫైలో దించుకోండి. చాలా యాప్‌లలో మ్యాప్‌లు రాష్ట్రాలవారీగా ఉంటాయి. హార్స్‌లీ హిల్స్‌కి బయల్దేరి కర్ణాటక ఒక్కటే దించుకుంటే బార్డర్ దాటాక ఏమీ కనిపించదు, ఆంధ్రప్రదేశ్ కూడా కావాలి.

"గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ పెట్టుకున్నాం కదా" అంటారు. అది నెట్ లేకుండా కారు దారి చెబుతుంది గానీ నడక దారి చెప్పదు. కొండ మొదలు దాకా అది చాలు. అక్కణ్ణుంచి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనం కలిసి గీసే ఉచిత మ్యాప్) ఆధారంగా నడిచే ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ లాంటి యాప్ వాడండి.

కొందరు అమెరికాలో వేటగాళ్ళ కోసం చేసిన యాప్‌లకి డబ్బు కడుతుంటారు. వాటిలో విలువైనది అక్కడి భూముల సరిహద్దులు, యజమానుల వివరాలు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, వేట ప్రసక్తే లేదు. ఆ డబ్బుతో ఒక పవర్ బ్యాంక్ కొనుక్కోండి.

చుక్క ఎక్కడో చూపిస్తోంది

యాప్ పర్మిషన్లలో 'ప్రిసైజ్ లొకేషన్' ఆఫ్‌లో ఉండి ఉంటుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఇది వేరే స్విచ్. తొందరలో 'అప్రాక్సిమేట్' నొక్కేసి ఉంటారు. అది ఆన్‌లోనే ఉంటే బండల నీడలోంచి బయటికి వచ్చి ఆకాశం బాగా కనిపించే చోట కాసేపు నిలబడండి. నెట్ లేనప్పుడు మొదటిసారి స్థానం పట్టడానికి కొంచెం టైమ్ పడుతుంది.

గీత మధ్యలో తెగి సూటిగా పోయింది

అసలు తలనొప్పి ఇదే. మీరు నడిచింది వంకర టింకర దారి, యాప్‌లో చూస్తే స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత. ఎనిమిది కిలోమీటర్లు నడిస్తే అయిదే లెక్కకొచ్చాయి. దాదాపు అందరూ "అక్కడ సిగ్నల్ లేదు" అనేస్తారు. సావనదుర్గ లాంటి బోడి బండ మీద ఉపగ్రహాలు అందకపోవడం ఏమిటి? సిగ్నల్ బలహీనంగా ఉంటే గీత వణుకుతుంది, అటూ ఇటూ గెంతుతుంది. గీత సూటిగా పోయిందంటే ఆ కాసేపు యాప్‌ని ఫోనే పడుకోబెట్టిందని అనుమానించాలి.

పడుకోబెట్టేది ఎక్కువగా బ్యాటరీ సేవర్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సేవర్ ఆన్‌లో ఉన్నప్పుడు స్క్రీన్ ఆరగానే లొకేషన్ ఆగిపోతుంది. నన్ను అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే, ఎందుకంటే ఫోన్ తీసి చూస్తే దొరకదు. స్క్రీన్ వెలగగానే లొకేషన్ తిరిగొస్తుంది, చుక్క సరిగ్గా మీరున్న చోటే కనిపిస్తుంది. బాగానే ఉంది కదా అని జేబులో పెట్టేస్తారు, మళ్ళీ ఆగిపోతుంది. ఇంటి దగ్గర పరీక్షించినా దొరకదు, అక్కడ ఛార్జ్ నిండుగా ఉంటుంది కాబట్టి. కొండల మధ్య టవర్ అందక ఫోన్ వెతుక్కుంటూనే ఉంటుంది, ఆ వెతుకులాటకే బ్యాటరీ కరిగిపోతుంది. మీరు పెట్టుకున్న శాతానికి, సాధారణంగా ఇరవైకి, దిగగానే సేవర్ దానంతటదే ఆన్ అవుతుంది. అందుకే ఎక్కేటప్పటి గీత శుభ్రంగా ఉండి, దిగేటప్పటిది తెగుతుంది.

సేవర్ దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్‌ని ముందు తీసేయండి. తర్వాత ఆ యాప్ ఇన్ఫోలో బ్యాటరీ దగ్గరికి వెళ్ళి 'అన్‌రిస్ట్రిక్టెడ్' ఎంచుకోండి. ఇక్కడితో అయిపోయిందనుకునేవాళ్ళే మళ్ళీ వస్తారు. చాలా కంపెనీలు ఆండ్రాయిడ్ మీద తమ సొంత ఫోన్ మేనేజర్ ఒకటి పెడతాయి, దానికి దాని రూల్స్ వేరు. అందులో 'ఆటోస్టార్ట్' ఉంటే ఆన్ చేయండి, రీసెంట్ యాప్స్‌లో ఈ యాప్‌కి తాళం గుర్తు పెట్టండి. కూర్చున్నప్పుడల్లా 'క్లియర్ ఆల్' నొక్కే అలవాటుంటే కొండ మీద మానుకోండి. ఐఫోన్‌లోనూ యాప్‌ని పైకి తోసి మూసేస్తే రికార్డింగ్ ఆగుతుంది. సిస్టమ్ అప్‌డేట్ వచ్చాక ఈ సెట్టింగులన్నీ ఇంకోసారి చూసుకోండి, మొదటికొచ్చిన ఫోన్లు చూశాను.

నడిచేటప్పుడు ఏరోప్లేన్ మోడ్ పెట్టేస్తే టవర్ వెతుకులాట ఉండదు, జీపీఎస్ మాత్రం నడుస్తుంది. ఇంట్లోవాళ్ళు టెన్షన్ పడకుండా మధ్యమధ్యలో తీసి ఒక మెసేజ్ పెట్టండి.

సరైందో లేదో తెలుసుకోవడానికి ఛార్జ్ పాతిక శాతం ఉన్నప్పుడు బెంగళూరులోని సాంకీ ట్యాంక్ చెరువుకి వెళ్ళండి. రికార్డ్ నొక్కి, స్క్రీన్ ఆర్పి, జేబులో పెట్టి గట్టు మీద ఒక రౌండ్ వేయండి. మధ్యలో ఫోన్ ముట్టుకోకూడదు. ఛార్జ్ ఇరవై దాటి దిగేదాకా నడవండి. గీత గట్టు వెంబడే తిరిగితే సరే. నీళ్ళ మీదుగా అడ్డంగా పోయిందంటే పైన చెప్పినవాటిలో ఏదో ఒకటి వదిలేశారు.

ఎత్తు తక్కువ చూపిస్తోంది

బెంగళూరు ఎత్తు సుమారు 920 మీటర్లైతే కొన్ని యాప్‌లు 830 అంటాయి. చెన్నై మెరీనా బీచ్‌లోనైతే ఏకంగా మైనస్‌లో చూపిస్తాయి. ఫోన్ పాడవలేదు. జీపీఎస్ ఎత్తు కొలిచేది లెక్క కోసం ఊహించుకున్న ఒక నున్నటి భూగోళం నుంచి. మన దక్షిణాదిలో సముద్రమట్టం దానికన్నా ఎనభై తొంభై మీటర్లు కిందుంటుంది. యాప్‌లో ఎత్తు సవరణ ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి, లేకపోతే ఆ తేడా మనసులో కలుపుకోండి.

దిక్సూచి తప్పుతోంది

కవర్‌లో అయస్కాంతం ఉందేమో చూసి తీసేయండి, ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకెలా తిప్పండి. మొదటినుంచీ చెప్పినవన్నీ చేశాక కూడా చుక్క కదలకపోతే ఫోన్‌లో జీపీఎస్ యాంటెన్నా పోయి ఉండొచ్చు. అది చాలా అరుదు, ఎక్కువగా కిందపడి స్క్రీన్ మార్పించిన ఫోన్లలోనే. రిపేర్ షాపులో చూపించండి.