బ్యాంకు ఖాతా చిక్కుముడి ఇలా వీడింది
విదేశంలోని అంతర్జాతీయ పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరిన కొత్తలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా సతాయించింది బ్యాంకు ఖాతా. చిరునామా రుజువు లేనిదే ఖాతా తెరవబోమని బ్యాంకువారు, స్థానిక ఖాతా లేనిదే ఇల్లు ఇవ్వనని ఇంటి యజమాని పట్టుబట్టారు. చివరకు పాఠశాల కార్యాలయాన్ని అడిగి, నా హోదా, జీతం, ఒప్పంద కాలం, తాత్కాలిక వసతి చిరునామా స్పష్టంగా పేర్కొంటూ, సంతకం, ముద్ర వేసిన లెటర్‌హెడ్ పత్రం తీసుకున్నాను. దానికి పాస్‌పోర్టు, నివాస అనుమతి జతచేస్తే ఖాతా తెరిచారు. ఆపై అద్దె ఒప్పందం సులువుగానే కుదిరింది.

డిగ్రీ పట్టా సంగతి వేరు; విదేశంలో దాన్ని చూపాలంటే ధ్రువీకరణ కావాలి. 1961 నాటి హేగ్ అపోస్టిల్ ఒడంబడిక రెండు దేశాల మధ్యా అమలులో ఉంటే అపోస్టిల్ (పత్రంపై ఉన్న సంతకం, ముద్ర అసలైనవేనని తెలిపే అధికారిక ధ్రువపత్రం) చాలు, లేకుంటే సాధారణంగా రాయబార కార్యాలయ ధ్రువీకరణ కూడా అడుగుతారు. అపోస్టిల్‌ను పట్టా ఇచ్చిన దేశమే జారీచేస్తుంది కనుక, ఆ పనిని ప్రయాణానికి ముందే ముగించుకోవడం ఎంతో మేలు.