తేనెపిట్టలను గుర్తించడానికి మోదుగ పూసే కాలం

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకులన్నీ రాల్చి నిండుగా పూసిన మోదుగ చెట్టు మీ ఊరి పొలిమేరలో ఉంటే, ఉదయం ఎండ ముదరకముందే దానికి కాస్త దూరంలో కదలకుండా నిలబడి చూడండి. సుమారు 10 సెంటీమీటర్లు మాత్రమే ఉండే తేనెపిట్టలు వంపు తిరిగిన ముక్కుతో పువ్వు పువ్వునూ వెతుక్కుంటూ వస్తాయి. మగ ఊదా తేనెపిట్ట మెరిసే నీలి నలుపు రంగులో ఎంతో అందంగా కనిపించేది ఈ రోజుల్లోనే. సంతానకాలం ముగిశాక దానికి ఆడపిట్టను పోలిన వెలిసిన ఈకలు వచ్చి, గొంతు నుంచి పొట్ట వరకు ఒక నల్లటి చార మిగులుతుంది కనుక, కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి అదును దొరకదు. పెరట్లో మందార ఉన్నవారు దయచేసి ఇప్పుడు దానిపై పురుగుమందు చల్లకండి. ఈ పిట్టలు తమ పిల్లలకు ప్రధానంగా ఆ కొమ్మల మీది చిన్న పురుగులనూ సాలీళ్లనూ ఏరి పెడతాయి.