నయంకాని జబ్బుకు పింఛను: ఏ దారిన వెళ్లాలి, ఏ కాగితం కావాలి

జబ్బు ఎంత పెద్దదైనా ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు చూసి పింఛను రాదు. ఆ జబ్బు వల్ల శరీరం ఎంతవరకు పడిపోయిందో సదరం సర్టిఫికెట్‌లో, అంటే ప్రభుత్వ వైద్య బోర్డు ఇచ్చే వైకల్య ధ్రువపత్రంలో, శాతంగా తేలాలి. లేదంటే వైద్య పింఛన్ల కింద ప్రభుత్వం రాసిపెట్టిన జబ్బుల్లో మీది ఉండాలి. ఈ రెండో రకాన్నే సచివాలయాల్లో డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) పింఛను అంటారు. మీది ఏ దారో తేల్చుకోకుండా ఇల్లు కదిలితే, డయాలసిస్ మనిషిని సదరం క్యాంపులో పొద్దంతా కూర్చోబెట్టి ఉత్త చేతులతో తీసుకురావాల్సి వస్తుంది.

2024 జులై నుంచి రాష్ట్ర పింఛను పథకం ఎన్టీఆర్ భరోసా కింద ఇస్తున్న లెక్క ఇది. సదరంలో 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే నెలకు 6,000 రూపాయలు, వయసుతో పని లేదు. డయాలసిస్ మీద ఉన్నవారికి, కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి చేయించుకున్నవారికి, తలసీమియా, సికిల్ సెల్, హిమోఫీలియా ఉన్నవారికి 10,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి 15,000. వికలాంగ పింఛను, వైద్య పింఛను రెండింటికీ అర్హత ఉన్నా ఒక మనిషికి ఒకటే ఇస్తారు. కాబట్టి ముందు పెద్ద మొత్తం వచ్చే దారినే చూడండి.

క్యాన్సర్ ఈ జాబితాలో లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లోనూ లేదు. క్యాన్సర్‌కు వైద్యం రాష్ట్ర ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో దొరుకుతుంది కానీ, పింఛను కావాలంటే ఆ జబ్బు మిగిల్చిన లోపాన్ని చూపించాలి. కాలు తీసేసి ఉంటే అది చలన వైకల్యం. గొంతు క్యాన్సర్‌కు స్వరపేటిక తీసేసి మాట పోయి ఉంటే అది మాట వైకల్యం కిందికి వస్తుంది. స్వరపేటిక తీసేసినవారిలో చాలామంది సదరం వైపే చూడరు, చూడాలి.

సదరం స్లాట్‌ను సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేస్తారు. అప్పుడే వైకల్యం రకం అడుగుతారు, అక్కడ తప్పు పడితే సంబంధం లేని డాక్టరు ముందు కూర్చోవాల్సి వస్తుంది. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, మోటార్ న్యూరాన్ జబ్బు లాంటివి బయటికి ఒకేలా కనిపించవు. అందుకే వైద్యం చేసే న్యూరాలజిస్టు చేత ఒక చీటీ మీద జబ్బు పేరు, అది ఏ రకం వైకల్యం కిందికి వస్తుందో రాయించుకుని, దాన్ని చూపించి బుక్ చేయించండి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో చూపించుకుంటున్నవారికి ఇది ఓపీ రోజున అయిపోయే పని. వేలూరు సీఎంసీ రిపోర్టులు సాక్ష్యంగా పనికొస్తాయి, శాతం మాత్రం మన రాష్ట్రం బోర్డే వేయాలి. చెన్నైలో పనిచేసి వచ్చి ఆధార్‌లో తమిళనాడు అడ్రసు మార్చుకోనివారు ముందు ఆ పని చూసుకోవాలి.

ఫైలులో స్కాన్ ఫిల్ముల కంటే రిపోర్టు కాగితాలకే విలువ ఎక్కువ. కండరాల క్షీణతకు ఈఎంజీ (కండరాల పనితీరు పరీక్ష) రిపోర్టు, జన్యు పరీక్షో బయాప్సీయో చేసి ఉంటే అది. హిమోఫీలియాకు రక్తం గడ్డకట్టే ఫ్యాక్టర్ పరీక్ష. తలసీమియా, సికిల్ సెల్‌కు హెచ్‌పీఎల్‌సీ అనే రక్త పరీక్ష, దాంతో పాటు రక్తం ఎక్కించిన తేదీల పుస్తకం. కిడ్నీ జబ్బుకు క్రియాటినిన్ ఒక్కసారి పెరిగిందన్న రిపోర్టు చాలదు, ఎందుకంటే జ్వరానికో విరేచనాలకో కూడా అది తాత్కాలికంగా పెరుగుతుంది. మూడు నెలల ఎడంతో కనీసం రెండు రిపోర్టులు, అల్ట్రాసౌండ్, జీఎఫ్‌ఆర్ (కిడ్నీ రక్తాన్ని వడకట్టే వేగం) లెక్క ఉండాలి. జీఎఫ్‌ఆర్ 15 కంటే తగ్గితే ఐదో దశ. అన్నీ రెండు సెట్లు జిరాక్సు తీయించి, అసలువి మీ చేతిలోనే ఉంచుకోండి.

పార్కిన్సన్స్ వాళ్లకు ఒక చిక్కుంది. మాత్ర వేసుకున్న గంటలో చేతులు, నడక బాగానే ఉంటాయి, మందు ప్రభావం దిగాక కుర్చీలోంచి లేవలేరు. స్లాట్ ఆ మంచి గంటలో పడితే శాతం తక్కువ వస్తుంది. దాని కోసం మాత్ర మానేసి పోవద్దు, అది ప్రమాదం. రోజులో ఎన్ని గంటలు కదలలేని స్థితి ఉంటుందో, ఎన్నిసార్లు పడిపోయారో న్యూరాలజిస్టు చేత లెటరులో రాయించుకోండి. డాక్టరు అడిగితే మొహమాటపడి ‘ఫర్వాలేదు సార్, బాగానే ఉన్నా’ అనొద్దు. స్నానం, బొత్తాలు పెట్టుకోవడం, దొడ్డికి పోవడం, అన్నం కలుపుకోవడం, వీటిలో దేనికి మనిషి సాయం కావాలో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇంట్లో వాడని చక్రాల కుర్చీని ఆ రోజుకు అరువు తెచ్చుకోవడం మాత్రం తప్పు. 2025లో వైద్య బృందాలు ఇళ్లకే వచ్చి 15,000 పింఛన్లను మళ్లీ తనిఖీ చేశాయి.

రెండు వైకల్యాలుంటే శాతాలు కూడేస్తారనుకోవద్దు. పెద్ద శాతానికి, చిన్న శాతంలో కొంత భాగమే కలుస్తుంది: 90లోంచి పెద్దదాన్ని తీసేసి, మిగిలినదాన్ని చిన్నదాంతో గుణించి, 90తో భాగిస్తే వచ్చినంత. చలనం 50, చూపు 30 అయితే మొత్తం 80 కాదు, దాదాపు 63.

శాతం తక్కువ పడితే, చట్టం కింద రాష్ట్రం పెట్టిన గడువులోపు అప్పీలు చేసుకోవచ్చు. కొత్త ఆధారం లేకుండా అప్పీలుకు పోతే మళ్లీ అదే అంకె వస్తుంది, కాబట్టి ముందు స్పెషలిస్టు లెటరు సంపాదించండి. సర్టిఫికెట్ తాత్కాలికమా, శాశ్వతమా అన్నది ఇంటికి రాకముందే చూసుకోవాలి. తాత్కాలికమైతే గడువు తేదీకి రెండు మూడు నెలల ముందే మళ్లీ స్లాట్ పట్టాలి, గడువు దాటితే పింఛను ఆగుతుంది. వికలాంగులకు కేంద్రం ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు కూడా తీసుకోండి. అందులో 40 నుంచి 79 శాతం వరకు పసుపు రంగు, 80, ఆపైన అయితే నీలం.

కొత్త పింఛన్ల నమోదు ఏడాది పొడవునా తెరిచి ఉండదు. అయినా సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోవాలి. తెరిచాక స్లాట్ కోసం పరిగెత్తితే కాలం చాలదు. దరఖాస్తు పల్లెలో వెల్ఫేర్ అసిస్టెంటు దగ్గర, పట్నంలో వార్డు సచివాలయంలో ఇవ్వాలి. తిరగ్గొట్టేది జబ్బు కారణంగానే కాదు, ఇంటి లెక్కల కారణంగా కూడా: కరెంటు సగటున నెలకు 300 యూనిట్లు దాటడం, కుటుంబ మ్యాపింగ్‌లో (సచివాలయం రికార్డులో ఒకే కుటుంబంగా చూపినవారిలో) ప్రభుత్వ ఉద్యోగో ఆదాయపన్ను కట్టేవారో ఉండడం, పేరు మీద కారు ఉండడం. టాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. పెళ్లయి వేరే ఊళ్లో కాపురం ఉంటున్న కొడుకు ఇంకా మీ మ్యాపింగ్‌లోనే ఉన్నాడేమో ముందే అడిగి చూడండి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో ఆ కాగితం లేకుండా మాట్లాడడం దండగ.

ఉద్యోగంలో ఉన్నవారి దారి వేరు. ప్రభుత్వ ఉద్యోగి ఒంట్లో బాగాలేదని రాజీనామా చేయకూడదు. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయడానికి వీల్లేదనీ, అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలనీ 2016 చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. శ్రీసిటీ, రేణిగుంట ఫ్యాక్టరీల్లో ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) కడుతున్నవారికి క్యాన్సర్, కిడ్నీ వైఫల్యం, పక్షవాతం, పార్కిన్సన్స్ లాంటి 34 జబ్బులకు జీతంలో 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా సొమ్ము వస్తుంది. దానికి రెండేళ్ల నిరంతర ఉద్యోగం, అందులో 156 రోజుల చందా ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త నంబరు తీయించుకుంటే ఈ రెండేళ్ల లెక్క తెగిపోతుంది, పాత నంబరే ఇవ్వండి. పీఎఫ్ సభ్యులు పూర్తిగా, శాశ్వతంగా పనికి దూరమైతే పదేళ్ల సర్వీసు లేకపోయినా పింఛను అడగొచ్చు.

మంజూరయ్యాక సిబ్బంది ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తారు. వేలిముద్ర పడకపోతే కంటిపాపతోనో ముఖంతోనో తీసుకోమనండి. ఆసుపత్రిలో ఉండి రెండు నెలలు తీసుకోలేకపోతే మూడో నెలలో మొత్తం కలిపి ఇస్తారు. మూడు నెలలూ తప్పితే శాశ్వతంగా వలస పోయినట్టు రాసి ఆపేస్తారు. కూతురింట్లో ఉంటూ తిరుపతిలో డయాలసిస్ చేయించుకునే కుప్పం మనిషి, నెలనెలా ఊరికి పోలేని పక్షంలో, పింఛనును ఇక్కడి వార్డు సచివాలయానికి బదిలీ పెట్టించుకోవాలి.