ఒకే రాష్ట్రం నుంచి ఇద్దరు దిగితే పోటీని ఎలా చూడాలి

కావలిలో మా టీ బంకు దగ్గర అమెరికా ప్రైమరీ మాటొస్తే అందరూ నన్నే అడుగుతారు, మావాడు సౌత్ కరోలినాలో ఉన్నాడని. ప్రైమరీ అంటే పార్టీ టికెట్ కోసం సొంతవాళ్ల మధ్య పోరు. మన దగ్గర టికెట్ పైనుంచి దిగుతుంది, అక్కడ ఓటర్లే తేలుస్తారు.

ఇద్దరిదీ ఒకే రాష్ట్రమైతే సర్వేల కంటే ముందు పాత బాకీలు చూడండి. టిమ్ స్కాట్‌ను 2012లో సెనేట్‌కు నియమించింది అప్పటి సౌత్ కరోలినా గవర్నర్ నిక్కీ హేలీయే. 2024లో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష టికెట్‌కి ఇద్దరూ దిగారు. స్కాట్ 2023 నవంబరులో తప్పుకుని, జనవరిలో ట్రంప్ పక్కన నిలబడ్డాడు. ఫిబ్రవరి 24న హేలీ సొంతగడ్డ మీదే ఓడింది. మా బావ ఇప్పటికీ నొచ్చుకుంటాడు. ఆయనదంతా పంచాయతీ ఎన్నికల మనసు లెండి.

తర్వాత డెలిగేట్ల లెక్క కాగితం మీద వేసుకోండి. డెలిగేట్లంటే పార్టీ మహాసభలో అభ్యర్థికి ఓటేసే ప్రతినిధులు. 2016లో అదే పార్టీ ప్రైమరీలో ఫ్లోరిడాలో గెలిచినవాడికే మొత్తం 99 మంది డెలిగేట్లు. అక్కడి మాజీ గవర్నర్ జెబ్ బుష్ అప్పటికే విరమించాడు. అక్కడి సెనేటర్ మార్కో రూబియో ఒక్క మయామీ-డేడ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) గెలిచి, ఒక్క డెలిగేటూ రాక ఆ రాత్రే తప్పుకున్నాడు.

ఫిబ్రవరిలో సౌత్ కరోలినా పోలింగ్ ముగిసేసరికి మనకు తెల్లారి ఐదున్నర. పాలు పొయ్యి మీద పెట్టి ఫోను తెరవండి.