గ్రీన్‌లాండ్ కయాక్ నేర్చుకోబోతున్నారా? రోల్ కన్నా ముందు చూసుకోవాల్సినవి

జూన్ వస్తే వాషింగ్టన్ రాష్ట్రంలోని హుడ్ కెనాల్ ఒడ్డున, ట్వానో స్టేట్ పార్కులో పాతకాలపు కయాక్‌లు, అంటే ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు వేటకి వాడిన తరహా సన్నటి పడవలు, వరసగా కనిపిస్తాయి. సౌత్ సౌండ్ ట్రెడిషనల్ ఇన్యూట్ కయాక్ సింపోజియం అక్కడే జరుగుతూ వచ్చింది. తూర్పు తీరంలో ఉన్నవాళ్ళకి డెలావేర్‌లో డెల్మార్వా రిట్రీట్ ఉంది, అది చలి మొదలయ్యే రోజుల్లో పెడతారు. ఇలాంటి గ్యాదరింగ్‌లలో వచ్చినవాళ్ళే ఒకరికొకరు నేర్పుకుంటారు. కయాక్, తెడ్డు, నీళ్ళు లోపలికి రాకుండా కట్టుకునే తొడుగు అడిగితే ఇస్తారు, గంటల తరబడి మీ పక్కన నీళ్ళలో నిలబడతారు. సియాటిల్, రెడ్‌మండ్ వైపు ఉండే మనవాళ్ళకి వారాంతంలో వెళ్ళొచ్చేంత దూరమే. అక్కడ జనం ఇబ్బంది పడేది మాత్రం నడిసముద్రంలో కాదు, ఒడ్డు పక్కన ఛాతీ లోతు నీళ్ళలోనే. చుట్టూ జనం ఉన్నారన్న ధీమాతో చలినీ అలసటనీ పట్టించుకోకపోవడమే దీనికి ముఖ్య కారణం.

అందరూ రోల్ నేర్చుకోవాలనే వస్తారు. తలకిందులైన కయాక్‌ని అందులో కూర్చునే మళ్ళీ పైకి తిప్పుకోవడమే రోల్. ఒకప్పటి గ్రీన్‌లాండ్ వేటగాడికి అది ప్రాణాధారం. నీళ్ళు సున్నా డిగ్రీలకి దగ్గరగా ఉంటాయి, చాలామందికి ఈత వచ్చేది కాదు, పడవ వదిలితే బతకడం కష్టం. అందుకే తెడ్డు చేతిలో ఉన్నప్పుడు ఒక రకం, హార్పూన్ అనే వేట ఈటె తాడు చేతికి చుట్టుకుపోతే ఇంకో రకం, తెడ్డు పోతే ఆ ఈటెని విసరడానికి వాడే నోర్సాక్ కర్రతో మరో రకం అంటూ రోల్స్ పుట్టుకొచ్చాయి. గ్రీన్‌లాండ్ జాతీయ పోటీల్లో ఇప్పటికీ ముప్పైకి పైగా రకాలు చేసి చూపించాలి. చేతులు కట్టుకుని తిరిగేది, చేతిలో బరువు పట్టుకుని తిరిగేది కూడా వాటిలో ఉన్నాయి. 1998లో మాలిగియాక్ పాడిల్లా 16 ఏళ్ళ వయసులోనే ఆ పోటీ గెలిచాడు.

ఆ వేటగాళ్ళకి పడవ వదలడం చివరి దారి. మనకి మాత్రం అదే మొదటి పాఠం కావాలి. తలకిందులుగా ఉన్నప్పుడు కంగారు పడకుండా బయటికి రావడం వచ్చేదాకా రోల్ జోలికి పోవద్దని నేను గట్టిగా చెబుతాను. ఎవరైనా సరదాగా "అదంతా తర్వాత, ముందు ఒకసారి తిరిగి చూడు" అన్నా సరే, వద్దనండి.

మామూలు రిక్రియేషన్ కయాక్‌లో బయటికి రావడం తేలికే. తిరగబడితే మనిషి జారి పడిపోతాడు. గ్రీన్‌లాండ్ కయాక్ అలా కాదు. కూర్చునే రంధ్రం చిన్నది, పైకప్పు తొడలకి ఆనుకునేంత కిందికి ఉంటుంది. తొడల మీదుగా వచ్చే మాసిక్ అనే అడ్డబద్దకి మోకాళ్ళు నొక్కిపెట్టే పడవని అదుపులో పెడతారు. ఇందులోకి కాళ్ళు చాపుకునే దూరాలి, చాపుకునే రావాలి. మోకాలు మడిచి బయటికి లాగాలని చూస్తే ఇరుక్కుంటుంది. అందుకని ముందు గడ్డి మీద పెట్టిన కయాక్‌లో కూర్చుని, కళ్ళు మూసుకుని సాధన చేయండి. ముందుకి వంగాలి, నీళ్ళు రాకుండా కట్టిన తొడుగు ముందుభాగంలోని పట్టీని చేత్తో వెతికి పట్టుకోవాలి, దాన్ని ముందుకి, పైకి లాగాలి, నడుముకి రెండు పక్కలా చేతులు ఆనించి కాళ్ళు చాచి జారాలి. ఆ పట్టీ తొడుగు కింద మడతపడకుండా బయటికి కనిపిస్తోందో లేదో ప్రతిసారీ చూసుకోండి. నీళ్ళలో మొదటిసారి చేసేటప్పుడు పక్కన నేర్పేవాళ్ళు నిలబడి ఉండాలి. లోతు నడుముకి పైన, ఛాతీకి కాస్త కింద ఉంటే సరిపోతుంది. అంతకన్నా తక్కువైతే తల అడుగుకి తగులుతుంది, ఎక్కువైతే వాళ్ళు నిలదొక్కుకోలేరు.

అరువు తెచ్చుకున్న కయాక్‌లో పట్టకపోతే బలవంతంగా దూరకండి. ఇంకొకటి దొరుకుతుంది. పొడుగ్గా, బలంగా ఉన్నవాళ్ళకి ఇది ప్రతిసారీ ఎదురయ్యే సంగతే, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చెక్క చట్రానికి గుడ్డ బిగించి రంగు పూసిన కయాక్ అయితే ఇంకో మాట అడగాలి: లోపల గాలి సంచులు ఉన్నాయా? వాటిలో అడ్డుగోడలు ఉండవు. సంచులు లేకుండా నీళ్ళు నిండితే ఇద్దరు ముగ్గురు కలిసినా ఎత్తలేరు. సగం నీళ్ళలో సగం ఒడ్డు మీద ఉండగా అందులో కూర్చోవద్దు, చట్రం విరుగుతుంది. ట్వానో ఒడ్డు నిండా ఆల్చిప్పలే, వాటి మీద లాగితే గుడ్డ చిరుగుతుంది. మీ పాదాలకీ అదే ప్రమాదం. మందమైన బూట్లు ఆ కయాక్ ముక్కులో పట్టవు కాబట్టి పల్చని అడుగు ఉన్న నియోప్రీన్ (మెత్తటి రబ్బరు గుడ్డ) సాక్సులు కొనుక్కోండి.

తెడ్డు కూడా కొలత చూసుకునే అడిగి తీసుకోండి. గ్రీన్‌లాండ్‌లో దీనికి అంగుళాల లెక్క లేదు, మనిషి ఒంటి కొలతే. మన లెక్కలో చెప్పాలంటే ఒక బార, ఒక మూర. రెక్క వెడల్పు మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టేంత. ఈ సన్నని తెడ్డుని నిటారుగా కాకుండా పైఅంచు కాస్త ముందుకి వాల్చి నీళ్ళలో దింపుతారు. ఆ వాలు తప్పితే తెడ్డు అల్లాడుతుంది. పక్కకి ఒరిగినప్పుడు దాని మీద బరువు వేస్తే అది పట్టు ఇవ్వకుండా కిందికి దూసుకుపోయి మిమ్మల్నీ తీసుకెళ్తుంది.

ఒంటి మీది బట్టల విషయంలో నియమం ఒకటే. బయటి ఎండని చూసి కాదు, నీటి చల్లదనాన్ని చూసి వేసుకోండి. హుడ్ కెనాల్ హిమానీనదాలు తొలిచిన సన్నటి సముద్రపు పాయ. ఎండాకాలంలో పైపొర వెచ్చబడుతుంది, కింద చల్లగానే ఉంటుంది. తలకిందులైనప్పుడు మీ తల వెళ్ళేది ఆ కిందికే. జీన్స్, కాటన్ టీషర్ట్ వద్దు. నీళ్ళు లోపలికి రానివ్వని డ్రైసూట్ లేదా తడిసినా ఒంటి వేడిని నిలిపే వెట్‌సూట్, తలకి నియోప్రీన్ టోపీ ఉండాలి. అద్దెకి దొరుకుతాయి, మొదటి ఏడాది కొనక్కర్లేదు. డ్రైసూట్ జిప్ చివరిదాకా పడిందో లేదో వేరొకరిచేత చూపించుకోండి. మెడ దగ్గర రబ్బరు పట్టీని కాస్త తెరిచి గొంతుక్కూర్చుని లోపలి గాలి బయటికి పంపండి, లేకపోతే నీళ్ళలో కాళ్ళు పైకి తేలి ఈదడం కష్టమవుతుంది.

ఇక్కడ మన ఆడవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. మంగళసూత్రం, నల్లపూసలు, గాజులు, మెట్టెలు తీసి కార్లో పెట్టి తాళం వేయండి. గొలుసు డ్రైసూట్ మెడ పట్టీని చీలుస్తుంది. మెట్టె డ్రైసూట్ సాక్సుని కోస్తుంది, ఇరుకు చోట వేలినీ గాయపరుస్తుంది. మగవాళ్ళ ఉంగరాలకీ ఇదే వర్తిస్తుంది. చలికి వేళ్ళు సన్నబడి ఉంగరం ఎప్పుడు జారిందో తెలీదు. జుట్టు గట్టిగా ముడి వేసుకోండి.

తుయిలిక్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మొహం, మణికట్లు తప్ప మిగతా పైభాగం అంతా కప్పి, కింద కయాక్ రంధ్రం అంచుకి బిగుసుకునే కోటు అది. పూర్వం సీల్ చర్మంతో కుట్టేవారు, ఇప్పుడు ఎక్కువగా నియోప్రీన్‌తో చేస్తున్నారు. లోపల గాలి చిక్కుకుని మనిషిని తేలుస్తుంది కాబట్టి రోల్ తేలికవుతుంది. దాన్ని చూసి చాలామంది లైఫ్ జాకెట్ ఎందుకులే అనుకుంటారు. పడవలోంచి బయటికి రాగానే తుయిలిక్ అడుగు తెరుచుకుంటుంది, ఆ గాలి పోతుంది. అంటే తేలడం అత్యవసరమైన ఆ క్షణంలోనే అది పనికిరాదు. నేర్పేవాళ్ళు కొందరు ఒడ్డు పక్కన జాకెట్ లేకుండా చేసి చూపిస్తారు. వాళ్ళ అనుభవం వాళ్ళది, మీరు వేసుకోండి. లోపల పట్టేంత పల్చని జాకెట్లు దొరుకుతాయి.

చల్లనీళ్ళలో పడగానే ఒక్కసారిగా ఊపిరి లోపలికి లాగేస్తుంది. అది మన చేతిలో లేదు. తల నీళ్ళలో ఉండగా అలా జరిగితే నీళ్ళే పీల్చేస్తాం. అందుకే మొదటి బోల్తాకి ముందు మొహం మీద నీళ్ళు చల్లుకోండి, తర్వాత మొహం ముంచండి. మరీ చల్లని నీళ్ళలో ఇక్కడి కోచ్‌లు చెప్పే లెక్క ఒకటుంది. మొదటి నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవాలి, ఆ తర్వాత 10 నిమిషాలు చేతులు మాట వింటాయి, సుమారు గంటకి స్పృహ తప్పుతుంది. నీళ్ళు వెచ్చగా ఉంటే ఈ గడువులు పెరుగుతాయి, కానీ వరస మారదు. సాధనలో చలి నెమ్మదిగా పాకుతుంది. మాట ముద్దగా రావడం, చేతిలోంచి వస్తువు జారడం, నడకలో తడబాటు కనిపిస్తే ఆ మనిషిని అడగొద్దు, ఒడ్డుకి తీసుకురండి. అడిగితే "ఐ యామ్ ఫైన్" అనే అంటారు. తడి బట్టలు మార్చి, తలకి టోపీ పెట్టి, మెలకువగా ఉంటే తియ్యటి వేడి టీ ఇవ్వండి. మద్యం మాత్రం వద్దు. వణుకు ఆగిపోయి మత్తుగా ఉంటే 911కి ఫోన్ చేయండి.

ముక్కుకి క్లిప్, చెవులకి ప్లగ్స్ చిన్న ఖర్చే. క్లిప్ లేకుండా నాలుగు సార్లు తలకిందులైతే సైనస్ నిండా ఉప్పునీళ్ళు చేరి, రాత్రి భోజనం దగ్గర వంగినప్పుడు ముక్కులోంచి కారతాయి. చెవిలోకి చల్లనీళ్ళు వెళ్తే తల తిరిగి, ఏది పైనో ఏది కిందో తెలియకుండా పోతుంది. తల తిరిగితే ఆ పూటకి ఆపేయండి. ఉబ్బసం, బీపీ, గుండె జబ్బు, ఒకప్పుడు భుజం జారి ఉండటం లాంటివి ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి, తర్వాత నేర్పేవాళ్ళకి కూడా చెప్పండి.

భుజమే ఎక్కువ దెబ్బతినేది. మోచేతులు ఒంటికి దగ్గరగా, చేతులు కళ్ళకి కనిపించేంత ముందు ఉంటే భుజం పదిలం. చెయ్యి తల వెనక్కి వెళ్ళి, దాని మీద బరువు పడితే కీలు జారుతుంది. రోల్ రానప్పుడు అందరూ చేసే పని తలని ముందు పైకి లేపి, తెడ్డుని బలంగా లాగడం. పడవని నడుముతో తిప్పాలి, వెన్ను వెనక కప్పు మీద వాలాలి, తల చివర్న రావాలి. ఆ వాలడం నడుంనొప్పి ఉన్నవాళ్ళకి కష్టం. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగమైతే నెల ముందే నడుము మెలితిప్పే వ్యాయామాలు మొదలుపెట్టండి.

రోల్‌కి ముందు బ్యాలెన్స్ బ్రేస్ నేర్పమని అడగండి. వెల్లకిలా నీటి మీద వాలి, రెండు భుజాలూ చదునుగా పరిచి, నడుము మెలితిప్పి, కయాక్‌ని పక్కకి ఒరిగించి అలాగే తేలడం. మొహం నీళ్ళ పైనే ఉంటుంది, ఊపిరి పీల్చుకోవచ్చు. ఇది కుదిరితే సగం టెన్షన్ పోతుంది. కొంతమందికి ఎంత చెప్పినా భయం పోదు, అది తప్పేం కాదు. పశ్చిమ గ్రీన్‌లాండ్‌లో ఆరితేరిన వేటగాళ్ళకే గాలి లేని రోజున, అద్దంలాంటి నీటి మీద ఒంటరిగా కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి దిక్కుతోచని భయం పట్టుకునేదని డాక్టర్లు రాసిపెట్టారు.

నీళ్ళ కింద ఆగిపోతే సాయం పిలవడానికి ఒక సైగ ఉంది. కయాక్ అడుగుని అరచేత్తో గట్టిగా తట్టి, చేతులు నీళ్ళ పైన పడవ వెంబడి ముందుకీ వెనక్కీ ఆడించాలి. సాయానికి వచ్చినవాళ్ళ కయాక్ ముక్కు చేతికి తగలగానే పట్టుకుని పైకి లేవాలి. వచ్చేవాళ్ళు నెమ్మదిగా రావాలి, వేగంగా వస్తే రెండు పడవల మధ్య వేళ్ళు నలుగుతాయి. సైగ పనిచేస్తుందేమోనని ఊపిరి అయిపోయేదాకా ఆగకండి, పట్టీ లాగి బయటికి రండి.

ఒడ్డు మీద తాళ్ళ ఆట ఉంటుంది. ఎత్తుగా కట్టిన తాళ్ళ మీద వేలాడి తిరిగే ఈ కసరత్తు గ్రీన్‌లాండ్‌లో రోల్‌కి పనికొచ్చే సాధన. అరచేతులు బొబ్బలెక్కుతాయి, అదే రోజు తెడ్డు పట్టుకోవాలంటే కష్టం. నీళ్ళ పని అయ్యాకే దాని జోలికి వెళ్ళండి, కింద ఒకరు పట్టుకోవడానికి ఉండాలి. హార్పూన్ విసిరేచోట విసిరేవాళ్ళకి వెనకే నిలబడాలి.

పిల్లలతో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్తే నీళ్ళ దగ్గర పిల్లల మీద కన్ను ఎవరిదో ముందే తేల్చుకోండి. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదనే అర్థం. వాషింగ్టన్‌లో 19 అడుగుల లోపు పడవ ఎక్కే 12 ఏళ్ళు, అంతకన్నా చిన్న పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలన్నది చట్టం.

నన్నడిగితే ప్రమాదం ఎక్కువ ఉండేది గ్యాదరింగ్‌లో కాదు, ఆ తర్వాతి వారంలో. ఒకటి రెండు రోల్స్ వచ్చిన ఉత్సాహంలో ఒంటరిగా లేక్ సమామిష్‌కో లేక్ వాషింగ్టన్‌కో వెళ్ళాలనిపిస్తుంది. జీనో వాట్కిన్స్ అనే బ్రిటిష్ అన్వేషకుడు గ్రీన్‌లాండ్ వాళ్ళ దగ్గరే రోల్ నేర్చుకున్నాడు. 1932 ఆగస్టులో తూర్పు గ్రీన్‌లాండ్‌లో ఒంటరిగా కయాక్‌లో వేటకి వెళ్ళాడు. ఖాళీ కయాక్ దొరికింది, అతను దొరకలేదు. అప్పటికి వయసు 25.

కాబట్టి గ్యాదరింగ్ అయ్యేలోపే మీ ఊరి దగ్గర ఉండే ఇద్దరి నంబర్లు తీసుకోండి. చలికాలంలో క్లబ్బులు స్విమ్మింగ్ పూల్‌లో పెట్టే రోలింగ్ సాధనకి వెళ్ళండి. బయట నీళ్ళకి వెళ్ళే రోజున ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో రాసిపెట్టండి. ఆ టైమ్ దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అదే కాగితం మీద ఉండాలి.