ప్రభల తీర్థం వీడియో సైజు తగ్గించడం ఎలా?

కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటలో గంటన్నర తీసిన వీడియో, సెకనుకు 17 మెగాబిట్ల చొప్పున రికార్డయితే, 11 జీబీ దాటుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి చుట్టాలకిద్దామంటే ఎక్కదు. ఫ్యాట్32 అనే పాత ఫైల్ పద్ధతిలో ఫార్మాటైన డ్రైవ్ 32 జీబీదైనా సరే, 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్‌కి మారిస్తే ఎక్కుతుంది గానీ కొన్ని పాత టీవీలు దాన్ని చదవవు. అందుకని ఫైలునే తగ్గించాలి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

1. ఫైలు తెరిచి, ఫార్మాట్ ఎంపీ4 పెట్టండి. వీడియో ట్యాబ్‌లో హెచ్.264 అనే కుదింపు పద్ధతి ఎంచుకోండి. ఇది 2003 నాటి ప్రమాణం. 2013లో వచ్చిన హెచ్.265 దాదాపు అదే నాణ్యతను సగం సైజులో ఇస్తుంది, నిజమే. కానీ పది ఇళ్లకు పంచే ఫైలు ఇది. పెదనాన్నగారి పాత టీవీలో బొమ్మ రాక డప్పులు మాత్రమే వినిపిస్తే ఆ పొదుపు దేనికి?

2. ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలు) "సేమ్ యాజ్ సోర్స్" ఉంచి, పక్కనే "కాన్‌స్టంట్" నొక్కండి. చాలా ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేమ్ రేటు మార్చేస్తుంటాయి. అలాగే వదిలేస్తే ఎడిటింగ్‌లో పెట్టాక చివరికొచ్చేసరికి డప్పు మోత ఒక చోట, కర్ర దెబ్బ ఒక చోట పడతాయి.

3. ఇక అసలు పని. బిట్‌రేటు (సెకనుకు ఎన్ని బిట్లు) అంకె వేయకుండా "కాన్‌స్టంట్ క్వాలిటీ" తీసుకుని, ఆర్‌ఎఫ్ అనే నాణ్యత అంకె 22 పెట్టండి. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు రెండూ పెరుగుతాయి. ఇంచుమించు 6 అంకెలు పెంచితే సైజు సగమవుతుంది.

వెంటనే మొత్తం ఎన్‌కోడ్ చేయకండి. "రేంజ్"లో "సెకన్లు" ఎంచుకుని, భుజాల మీద మోసే ప్రభలు కౌశిక నది దాటే నిమిషాన్ని మాత్రమే చేసి చూడండి. కుదింపు అంటే ఒక పూర్తి బొమ్మ దాచుకుని, తర్వాతి వాటిలో ఏది ఎటు జరిగిందో, ఏది మారిందో అంతవరకే రాసుకోవడం. నిలబెట్టిన ప్రభను స్టాండు మీంచి తీస్తే రాసుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. నీళ్లలో అలా కాదు: ప్రతి మెరుపూ కొత్తది, ముందు బొమ్మలో దానికి జోడీ దొరకదు. కొబ్బరాకుల రెపరెపలూ అంతే. బిట్లు చాలకపోతే అల మీద 16×16 చుక్కల గళ్లు తేలతాయి. ఫోన్లో కనబడవు, 43 అంగుళాల టీవీలో దాచలేం.

ఆ నిమిషం 60 ఎంబీ, స్టాండు మీది నిమిషం 20 ఎంబీ వచ్చాయనుకోండి. నీళ్లు 20 నిమిషాలైతే 1,200, మిగతా 70 నిమిషాలు 1,400, వెరసి 2.6 జీబీ. సరిపోయింది. ఎక్కువైతే 23, 24 వరకు వెళ్లండి. గళ్లు కనిపిస్తే వెనక్కి రండి, ఫైలును రెండు భాగాలు చేయడమే మేలు.

4. ఆడియో ఫోన్లోనే ఏఏసీగా (శబ్దాన్ని కుదించే పద్ధతి) ఉంటే "ఏఏసీ పాస్‌త్రూ" పెట్టండి, మళ్లీ కుదించదు. లేదంటే ఏఏసీ స్టీరియో, సెకనుకు 160 కిలోబిట్లు. గంటన్నరకు 108 ఎంబీయే, ఇక్కడ కక్కుర్తి పడొద్దు. రికార్డింగ్‌లోనే బద్దలైన డప్పు శబ్దాన్ని మాత్రం ఏ సెట్టింగూ బాగుచేయదు.

వాట్సాప్‌లో పంపాలంటే ముక్కను 2 జీబీ లోపు ఉంచి డాక్యుమెంట్‌గా పంపండి. వీడియోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది, నీళ్ల మీద గళ్లు మొదటికొస్తాయి.